మచ్చ ఉన్నదే అసలు అంజీర్

ఆ ఉదయం ఆకాశం ఏ నిర్ణయానికీ రాలేదు. కొండగట్టు వైపు మబ్బు పట్టింది. కోరుట్ల వైపు ఎండ కాసింది. సరిగ్గా జగిత్యాల మీద మాత్రం ఒక బూడిదరంగు మబ్బు, కురవమని పైనుంచి ఆర్డరు రావాలన్నట్టు, కదలకుండా నిలబడింది. దాని కింద వేసిన షామియానాలో రాష్ట్ర ఫలవృక్ష ప్రోత్సాహక మండలి అధ్యక్షులు గోపాల్ రావు గారు మైకు అందుకున్నారు.

“మామిడి అంటె జగిత్యాల అని దేశమంత ఎరుకే. ఇగ సాలు. మామిడి పాతవడ్డది. రెండేండ్లు ఆగున్రి. ప్రపంచంల ఎవ్వలు అంజీర్ నోట్లె ఏస్కున్నా, జగిత్యాల దిక్కు మల్లి దండం వెట్టి నమలాలె. ప్రతి ఇంటికి ఒక అంజీర్ చెట్టు. ప్రతి చెట్టుకు ఒక పేరు. ఇది మాట కాదు, వాగ్దానం!”

మాటకూ వాగ్దానానికీ తేడా ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగేవాళ్ళను కూర్చోబెట్టే అలవాటు ఆ షామియానాలో లేదు.

సభ అయ్యాక గోపాల్ రావు గారు కారెక్కుతూ కరుణాకర్ భుజం మీద చెయ్యి వేశారు. కరుణాకర్ ఆయన వెంట తిరగడం మొదలుపెట్టినప్పుడు ఇద్దరికీ జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు సార్‌కు మాత్రమే నల్లగా ఉంది. ఇన్నేళ్ళలో గ్రంథాలయ సంస్థ పదవి కరుణాకర్‌కే అన్నారు. సార్ బామ్మర్దికి ఇచ్చారు. గుడి కమిటీ కరుణాకర్‌కే అన్నారు. బామ్మర్ది వియ్యంకుడికి ఇచ్చారు.

“కర్ణాకర్, అంజీర్ మార్కెట్ కమిటి అని కొత్తది ఏపిస్తున్న. పండ్లు కాసేనాటికి పెద్ద పండుగ జేద్దాం. అది మంచిగయిందనుకో, చైర్మన్ నువ్వే.”

“సార్, మీ బామ్మర్ది...”

“ఆనికి అంజీర్ పడది రా. మోషన్స్ అయితయి.”

కరుణాకర్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన అర్హత ఇంత స్పష్టంగా ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఇంటికి పోయి తల్లి లస్మవ్వకు చెప్పాడు. “అవ్వా, నన్ను అంజీర్ కమిటికి చైర్మన్ జేస్తరట.”

“మంచిది కొడుకా. ఏడున్నది గా గుడి?”

*

పని శాస్త్రీయంగా మొదలైంది. అంజీర్ నామ నిర్ధారణ కమిటీ ఏర్పడింది. కన్వీనర్ కరుణాకర్. సాంకేతిక సభ్యురాలు ఉద్యానవన అధికారి నిఖిత మేడం. రైతు ప్రతినిధి కోరుట్ల రోడ్డులో నర్సరీ నడిపే ఖాజా. అధ్యక్షులు, ఎందులోనైనా అధ్యక్షులైన గోపాల్ రావు గారు.

మొదటి సమావేశానికి రైతులు తమ తమ అంజీర్ కొమ్మలు పట్టుకుని వచ్చారు. కోరుట్ల నుంచి వచ్చినాయన తన కొమ్మను ‘పూనా’ అన్నాడు. వేములవాడ నుంచి వచ్చినాయన అలాంటి కొమ్మనే ‘డయానా’ అన్నాడు. ఎల్లంతకుంట నుంచి వచ్చిన గంగారాం అచ్చం అలాంటిదే చూపించి ‘దినకర్’ అన్నాడు. గంభీరావుపేట రైతు తనది ‘బ్రౌన్ టర్కీ’ అని ఘనంగా చెప్పాడు. వెనక బెంచీలో ఒక ముసలాయన లేచి, “నాది అత్తగారి అంజీర్” అన్నాడు.

“అది ఏ దేశపు రకం?” అని కరుణాకర్ రాసుకోబోయాడు.

“ఏ దేశం? మెట్‌పల్లి. మా అత్తగారింటి నుంచి దెచ్చిన.”

గోపాల్ రావు గారు అన్నీ విని గంభీరంగా అడిగారు. “గీ దినకర్ ఎవడు?”

“రకం పేరు సార్,” అంది నిఖిత.

“రకమైతే అయింది. ఏ పార్టి? మన దగ్గర ఓటున్నదా?”

“లేదు సార్.”

“మరి ఆయన పేరు మనమెందుకు మొయ్యాలె? ఇగ గీ టర్కీ. టర్కీ అంటె కోడి గదా? పండుకు కోడి పేరేంది? పక్కన్నే వేములవాడ ఉన్నది. భక్తులు ఏమనుకుంటరు?”

నిఖిత ఒక కొమ్మను తీసి బల్ల మీద పెట్టింది. ఆకుల నిండా పసుపుపచ్చ మచ్చలు.

“సార్, పేర్లు తర్వాత చూద్దాం. వీటిల్లో చాలావాటికి మొజాయిక్ వైరస్ ఉంది. ఈ మచ్చలు అవే. కొమ్మ నాటితే రోగం కూడా కొమ్మతోపాటే పోతది. కంటికి కనవడని నల్లి ఒకటి ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు మోస్తది. మందు లేదు. చెట్టు గిడసబారుతది, కాయ రాలిపోతది. మచ్చలేని చెట్ల నుంచే కొమ్మలు తీసుకోవాలె.”

“వైరసా? మల్ల మాస్కులు వెట్టుకోవాల్నా?”

“మనుషులకు రాదు సార్. చెట్లకే.”

“ఓటర్లకు రాదు గదా! కర్ణాకర్, రాస్కో. ప్రజలకు ఎటువంటి ప్రమాదం లేదు.”

ఖాజా మెల్లగా చెయ్యెత్తాడు. “సార్, మా నర్సరీల మచ్చలేని చెట్లు ఉన్నయి. మా అబ్బా కాలం నుంచి ఏరంగ ఏరంగ మిగిలినయి. కావాలంటె కొమ్మలిస్త.”

“చాలా మంచి సలహా,” అన్నారు గోపాల్ రావు గారు. “ఇంత మంచి సలహా ఇచ్చినందుకు ఖాజా భాయ్‌ని సన్మానించాలె.” వెంటనే ఖాజాకు శాలువా కప్పారు. సన్మానం అయ్యాక సలహా గురించి మాట్లాడడం మర్యాద కాదు కనుక, సమావేశం తర్వాతి అంశానికి వెళ్ళింది.

రెండు చారిత్రక తీర్మానాలు జరిగాయి. ఒకటి: గోల లేకుండా ఒక్కో రకానికి ఒక్కో రంగు గుడ్డపేలిక కట్టాలి, రంగును బట్టి పేరు. రెండు: ఇకమీదట జిల్లాలో ఎవరూ ఎవరికీ పూలబొకేలు ఇవ్వకూడదు, అంజీర్ కొమ్మలే ఇవ్వాలి. కొమ్మలకు గోపాల్ రావు గారి సొంత తోట ఉండనే ఉంది. ఆ తోటలోని చెట్లు మచ్చలకు పేరుపొందినవి.

*

గుడ్డ కోసం కరుణాకర్ సిరిసిల్ల పోయాడు. అక్కడ సాంబయ్య అనే ఆసామికి సొంత సాంచెలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అన్ని పార్టీల కండువాలూ ఆయన సాంచెల మీదే పక్కపక్కన, ఏ తగాదా లేకుండా నేస్తాయి.

“సాంబన్నా, నాలుగు రంగుల గుడ్డ గావాలె. చెట్లకు గట్టెతందుకు.”

“చెట్లగ్గూడ కండువాలు గప్పుతున్రా?” సాంబయ్య సాంచె ఆపకుండానే అడిగాడు. “మంచిదే. అయి పార్టి మారయి.”

“ఏమేం రంగులున్నయి?”

“నెమలికంఠం ఉన్నది, ఇటుకరంగున్నది, గోధుమరంగున్నది. పోయిన ఎలచ్చన్లయి. ఓడినోల్లయి.”

“గెలిచినోల్లది వంకాయరంగు లేదా?”

“గెలిచినోల్ల గుడ్డ ఎట్ల మిగుల్తది? ఫలితం అచ్చిన తెల్లారి ఓడినోడు గూడ అచ్చి గదే గావాలంటడు.”

వంకాయరంగు గోపాల్ రావు గారి పార్టీదే. దానికి కొదువ లేదు. కరుణాకర్ ఇంట్లో అటక మీద మూటలున్నాయి. అట్లా నాలుగు రంగులూ కుదిరాయి. పూనాకు వంకాయ, దినకర్‌కు నెమలికంఠం, డయానాకు ఇటుక, బ్రౌన్ టర్కీకి గోధుమ. అత్తగారి అంజీర్‌ను కుటుంబ వ్యవహారంగా గుర్తించి వదిలేశారు.

మొక్కలు పంచడానికి మొదట సిరిసిల్ల జిల్లాలోని ఎల్లంతకుంట పోయారు. గంగారాం ట్రాలీలోని మొక్కల చుట్టూ ఒకసారి తిరిగి, తలకాయ అడ్డంగా ఊపాడు.

“నాకు గీ వంకాయరంగుది ఒద్దు.”

“అది పార్టి గాదు గంగన్నా, పూనా. మంచి రకం.”

“పూనా గీనా నాకు తెల్వది. మా తాత కాలం నుంచి మేం ఇటుకరంగే. నా చెల్కల వంకాయరంగు ఎగిరితె, రేపు మా పాలోల్లు నన్ను పెండ్లికి పిలుస్తరా?”

ఇలాంటి చోటనే నాయకత్వ లక్షణం బయటపడుతుంది. కరుణాకర్ ఒక్క క్షణం ఆలోచించి, వంకాయ పేలిక విప్పి ఇటుక పేలిక కట్టాడు. పూనా డయానా అయింది. ఏ విశ్వవిద్యాలయమూ ఇంత త్వరగా కొత్త రకాన్ని తయారుచెయ్యలేదు.

“గిప్పుడు మంచిగున్నది,” అన్నాడు గంగారాం. “మొక్క గూడ జర ఏపుగ కనవడుతున్నది.”

గంభీరావుపేటలో ఇద్దరన్నదమ్ములు ఒకే గట్టు మీద నిలబడి రెండు పార్టీల అంజీర్లు అడిగారు. ఇంకో రైతు మరీ తెలివైనవాడు. ఒక్కటే మొక్క తీసుకుని, దానికి నాలుగు పేలికలూ కట్టించుకున్నాడు. “ఎవలు గెలిచినా మనోడే అనుకోవాలె గదా పటేలా.” వర్షాకాలం అయ్యేసరికి రెండు జిల్లాల్లోనూ ఏ చెట్టు ఏ రకమో చెప్పడం కష్టమైంది గాని, ఏ చెట్టు ఏ పార్టీదో పసిపిల్లలు కూడా చెప్పేవారు. ‘ప్రజలు తమకు నచ్చిన రకాన్ని స్వేచ్ఛగా ఎన్నుకుంటున్నారు’ అని కరుణాకర్ మండలికి నివేదిక పంపాడు.

రెండో తీర్మానం ఇంకా బాగా అమలైంది. కొత్త ఆఫీసరు వస్తే అంజీర్ కొమ్మ. పాత ఆఫీసరు పోతే అంజీర్ కొమ్మ. పెళ్ళికి పోయినవాళ్ళు పెళ్ళికొడుకు చేతిలో కొమ్మ పెట్టి ఫొటో దిగారు. ఒకరింట దినకర్మ భోజనాలకు కూడా గోపాల్ రావు గారు కొమ్మతోనే వెళ్ళారు. ఆ ఇంటివాళ్ళు దాన్ని ఏం చెయ్యాలో తెలియక చనిపోయినాయన ఫొటో పక్కన నాటారు. మచ్చలు ఇంటింటికీ చేరాయి. నిఖిత మేడం తన ఫోన్‌లో ఫొటోలు తీసి పైకి పంపుతూనే ఉంది. పైనున్నవాళ్ళు ప్రతి ఫొటోకూ దండం గుర్తు పెడుతూనే ఉన్నారు.

*

తర్వాత ఎన్నికలు వచ్చాయి. వంకాయరంగు ఓడిపోయింది. నెమలికంఠం గెలిచింది. గోపాల్ రావు గారు మాత్రం ఓడలేదు. లెక్కింపు ముగిసేలోపలే ఆయన గెలిచిన పార్టీలో ఉన్నారు. మండలి అధ్యక్ష పదవి కూడా ఆయనతోపాటే పార్టీ మారింది.

పొద్దున్నే కరుణాకర్‌కు ఫోను వచ్చింది. “చెట్లకున్న పేలికలన్ని ఇప్పి నెమలికంఠం గట్టియ్యి. అన్నిటికి.”

“అన్నిటికంటె... రకాలు నాలుగున్నయి గదా సార్?”

“ఇగ రకాలెక్కడియి రా? ఏకాభిప్రాయం!”

వారంలోపలే రెండు జిల్లాలంతటా పూనా, డయానా, టర్కీ అన్నీ దినకర్‌లో చేరాయి. నిఖిత మేడం కమిటీలో లేచి నిలబడింది.

“సార్, ఇప్పుడు ఏది ఏ రకమో ఎట్ల తెలుస్తది?”

“అన్ని ఒక్కటే రకం. దానికి నేనే పేరు వెడుతున్న. మా నాయిన పేరు. నర్సింగరావు అంజీర్.”

“పెద్దదొర గారికి అంజీర్ ఇష్టమా సార్?” అని కరుణాకర్ భక్తితో అడిగాడు.

“తిన్నడో లేదో తెల్వది. ఆయనకు జామకాయ ఇష్టం. కని పెద్దమనిషి.”

“మరి బయటి రకాలకు, మన నర్సింగరావు రకానికి తేడా ఎట్ల చెప్పాలె సార్?” అని నిఖిత పట్టువదలకుండా అడిగింది.

గోపాల్ రావు గారు బల్లమీదున్న అంజీర్ ఆకు ఒకటి చేతిలోకి తీసుకున్నారు. దాని మీది పసుపుపచ్చ మచ్చలను చాలాసేపు చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

“కర్ణాకర్, ఇటు రా. గిది సూడు. గీ పొడుగ్గున్నది బైపాస్ రోడ్డు గాదు? గీ గుండ్రంది మోతె చెరువు. గీ చిన్న సుక్క మా ఇల్లు! అరే, గిది నా నియోజకవర్గం మ్యాపు!”

కరుణాకర్ వంగి చూశాడు. “అవును సార్. మా ఇల్లు గూడ కనవడుతున్నది.”

“అది రోగం సార్,” అంది నిఖిత.

“ఏవమ్మా, రోగం అంటె ఒకనికి అస్తది. అందరికి ఉన్నదాన్ని లక్షణం అంటరు.”

నిఖిత కూర్చుంది. ఆ వాక్యానికి జవాబు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చెప్పరు. సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. ఆకుమీద మచ్చలుంటే అసలైన నర్సింగరావు అంజీర్. మచ్చలు లేకుంటే నకిలీ. నకిలీ చెట్లను గుర్తించి తొలగించే బాధ్యత కన్వీనర్‌ది. కోరుట్లలో బోర్డులు రాసే పెయింటర్లకు ఆ నెలంతా తీరిక లేదు; రైతులు వాళ్ళను బండి మీద తీసుకుపోయి మచ్చలేని ఆకుల మీద పసుపు చుక్కలు పెట్టించుకున్నారు.

*

ఖాజా పెట్టించుకోలేదు. కరుణాకర్ మనుషులను వెంటబెట్టుకుని నర్సరీకి పోయేసరికి, రోడ్డు పక్కనే ఖాజా చెట్లు నల్లపచ్చటి ఆకులతో, ఎక్కడా ఒక్క మచ్చ లేకుండా, సిగ్గు లేకుండా కాసి ఉన్నాయి.

“ఖాజా భాయ్, నీ చెట్లకు మచ్చలు లెవ్వు.”

“లెవ్వన్నా. అందుకే గదా కాసినయి. కూసోరి, ఒకటి తినున్రి.”

ఖాజా పళ్ళెంలో నాలుగు పండ్లు తెచ్చాడు. కరుణాకర్ ఒకటి తిన్నాడు. అంత తియ్యటి పండు అతడు ఎన్నడూ తినలేదు. ఇన్నాళ్ళుగా అంజీర్ కోసం అంత కష్టపడుతున్నా దాని రుచి చూడడం అదే మొదటిసారి. రెండోది తిన్నాడు. మూడోది, నాలుగోది వెంట వచ్చినవాళ్ళు తిన్నారు. తర్వాత చేతులు కడుక్కుని, గొడ్డళ్ళు తీశారు.

“నాకు గూడ పాణం ఒప్పుతలేదు భాయ్. పైనుంచి ఆర్డర్. ఒక్క పెయింటర్‌ను పిలిపిచ్చుకుంటె ఏమైతుండె నీకు?”

“చెట్టుకు లేని రోగం ఎట్ల అంటగట్టాలె అన్నా?”

“మరి నేనేం జెయ్యాలె?”

“మీరు జేసేది మీరు జెయ్యరి.” ఖాజా ఖాళీ పళ్ళెం తీసుకుని లోపలికి పోయాడు. అంతా అయ్యాక బయటికి వచ్చి, నరికిన కొమ్మల నుంచి పచ్చికాయలు ఏరి బకెట్లో వేసుకున్నాడు, మేకలకు. కరుణాకర్ బండి స్టార్టు చేసి, ఏదైనా మంచిమాట చెప్పాలని చూసి, “పండుగకు తప్పకుండ రా భాయ్, నువ్వు కమిటి మెంబర్‌వి” అన్నాడు.

*

అంజీర్ పండుగ తేదీ వచ్చింది. ఢిల్లీ నుంచి జాతీయ ఫలనామ గుర్తింపు పరిషత్తు పెద్దమనిషి మిశ్రా గారు వస్తున్నారు. ఆయన సరే అంటే నర్సింగరావు పేరు దేశమంతా మారుమోగుతుంది, కరుణాకర్ చైర్మన్ అవుతాడు. లస్మవ్వ ఇప్పటికే వాడకట్టంతా చెప్పి, గుడి ప్రతిష్ఠకు అందరినీ పిలిచింది. కరుణాకర్ తెల్ల ఖద్దరు జత కుట్టించుకున్నాడు.

పండుగకు ముందురోజు అతడు గోపాల్ రావు గారి తోటలో ఒక్కొక్క చెట్టు కింద ఆగి పైకి చూశాడు. మచ్చలు అద్భుతంగా ఉన్నాయి. కాయలు మాత్రం శనగగింజంత అయ్యీ కాకముందే రాలి కింద ఎండిపోయాయి. తోట మొత్తంలో తినదగినది ఒక్కటి లేదు. అప్పుడే ఫోను మోగింది.

“కర్ణాకర్, పండ్లు మంచిగున్నయా?”

“మంచిగున్నయి సార్.”

“చెట్లకున్నయా?”

“ఉంటయి సార్.”

అతడు నేరుగా కోరుట్ల పోయి ఖాజా ముందు నిలబడ్డాడు. “భాయ్, రెండు గంపల పండ్లియ్యి. నా ఇజ్జత్ సవాల్.”

“ఏ చెట్టువి కావాలె అన్నా?” అని ఖాజా మామూలుగానే అడిగాడు.

కరుణాకర్ మొద్దుల వైపు చూసి, నేల వైపు చూశాడు.

“బజార్ల అక్బర్ దుకాణానికి పో,” అన్నాడు ఖాజా. “ఆయన తాన ఎండువి ఉన్నయి.”

అక్బర్ భాయ్‌ది డ్రైఫ్రూట్స్ దుకాణం. రంజాన్‌కు తెప్పించిన ఎండు అంజీర్లు మిగిలి, నడుమ రంధ్రంలోంచి నారతాడు గుచ్చి దండలుగా గోడకు వేలాడుతున్నాయి. కరుణాకర్ వాటిని చూడగానే దండం పెట్టాడు.

“అన్ని కావాలె భాయ్. కొనుడు గాదు. ఒక్కరోజు కిరాయికి.”

“కిరాయికా? అంజీర్లు కిరాయికి ఎవడిస్తడన్నా?”

“టెంట్ హౌసోల్లు గిన్నెలిస్తరు, కుర్చీలిస్తరు, పెండ్లికి గుర్రాన్నిస్తరు. నువ్వు అంజీర్లియ్యలేవా?”

“కుర్చీని ఎవ్వలు తినరు గదా.”

“వీల్లు గూడ తినరు భాయ్. పెద్దోల్లు. సూస్తరు, ఫొటో దిగుతరు, పోతరు.”

అక్బర్ ఆలోచించాడు. రేపు దుకాణం ముందర రేకుల పందిరి మీద మున్సిపాలిటీవాళ్ళు వస్తే కరుణాకర్ మాట పనికివస్తుంది. “సరే. కని తెల్లారి నేనే సంచి వట్టుకోని అస్త. పండుగ కాంగనె వాపస్.”

ఎండు అంజీర్లను నీళ్ళ తొట్లలో నానబెట్టారు. అవి ఉబ్బి, ముడతలు కొంచెం సర్దుకుని, పెద్దమనిషి తరహాకు వచ్చాయి. తాళ్ళు తీసేసి, ఒక్కొక్క పండు రంధ్రంలోంచి సన్నటి దారం దూర్చి, మచ్చల ఆకుల సందులో కట్టారు. దూరం నుంచి చూస్తే తోటలో పంట విరగగాసింది.

*

మిశ్రా గారు వచ్చారు. డప్పులు మోగాయి. ఆయన చేతిలో అంజీర్ కొమ్మ పెట్టారు. ఆయన తోటలో నడిచి, మచ్చల ఆకును చూసి తల ఊపి, ఒక పండును పట్టి లాగారు. అది కొంచెం మొరాయించి, దారంతో సహా వచ్చింది. ఆయన నొక్కి చూశారు.

“అరే, యే తో సూఖా హై!”

డప్పులు ఆగిపోయాయి. గోపాల్ రావు గారు కరుణాకర్ వైపు చూశారు. ఇన్నేళ్ళ అనుభవం కరుణాకర్ నాలుక మీదికి వచ్చింది.

“ఔను సార్. మా దగ్గర ఎండలు గట్లుంటయి. చెట్టు మీదనే ఎండుతది. రైతుకు ఎండవెట్టే పనే లేదు.”

గోపాల్ రావు గారు దాన్ని హిందీలోకి మార్చారు. మిశ్రా గారి కళ్ళు పెద్దవయ్యాయి. “ట్రీ డ్రైడ్! మై గాడ్! ఔర్ యే బీచ్ మే హోల్?”

“వెంటిలేషన్ సార్,” అన్నాడు కరుణాకర్. “గాలి ఇటునుంచి అటు పోతది. అందుకే పురుగు వట్టది.”

“నేచురల్ వెంటిలేషన్!” మిశ్రా గారు రంధ్రంలోంచి ఆకాశం చూశారు. గోపాల్ రావు గారు కూడా ఒక పండు తెంపి చూశారు. పత్రికలవాళ్ళు ఫొటోలు తీశారు. ఇంతవరకూ అంతా అనుకున్నట్టే జరిగింది. అప్పుడు మిశ్రా గారు ఆ పండును నోట్లో వేసుకున్నారు. రుచి చూసి ఇంకొకటి తెంపారు. ఆయన తింటుంటే ఊరుకోవడం అమర్యాద కనుక గోపాల్ రావు గారు తిన్నారు. ఆయన తిన్నాక కార్యకర్తలు ఆగలేదు.

తోట అంచున ఖాళీ గోనెసంచి పట్టుకుని నిలబడ్డ అక్బర్, కరుణాకర్ చొక్కా గుంజాడు. “తినరంటివి గదన్నా!”

“జర ఆగు భాయ్, దేశ ప్రతిష్ఠ.”

“దేశానిది సరే, నా దుకాణం?”

ఇంతలో మిశ్రా గారు వేదిక ఎక్కి, ఇలాంటి పండును అందించిన రైతును తన చేతులతో సత్కరిస్తానని ప్రకటించారు. కరుణాకర్ ఖద్దరు చొక్కా సర్దుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. గోపాల్ రావు గారు వేదిక మీది నుంచి వంగి, అతడి చెవిలో అడిగారు.

“గివి ఎవలియి రా?”

సార్ కోసం కరుణాకర్ ఊరందరితో అబద్ధాలాడాడు గాని, సార్‌తో ఎన్నడూ ఆడలేదు. అది అతడి వ్రతం.

“అక్బర్ భాయ్‌వి సార్.”

“మన జిల్లా ఉత్తమ అంజీర్ రైతు, అక్బర్ భాయ్!” మైకు మారుమోగింది. నలుగురు పట్టుకుని అక్బర్‌ను గోనెసంచితో సహా పైకి ఎక్కించారు. శాలువా పడింది.

మిశ్రా గారు అడిగారు, మీకు ఎన్ని చెట్లున్నాయని.

“నా తాన చెట్లెక్కడియి సార్?” అన్నాడు అక్బర్.

“చెట్లన్నీ ప్రజలవే అంటున్నడు!” అని గోపాల్ రావు గారు వివరించారు. చప్పట్లు.

ప్రభుత్వం నుంచి ఏం కోరుకుంటున్నారని మిశ్రా గారు మళ్ళీ అడిగారు.

“ఏం ఒద్దు సార్. తిన్నయి తిన్నరు. మిగిలినయి వాపస్ ఇస్తె నే పోత.”

“తినగా మిగిలింది సమాజానికి వాపస్ ఇస్తడట!” గోపాల్ రావు గారి గొంతు జీరబోయింది. మిశ్రా గారు అక్బర్‌ను కౌగిలించుకున్నారు. ఆకుమీద మచ్చ, పండులో రంధ్రం, ఈ రెండే అసలైన నర్సింగరావు అంజీర్‌కు గుర్తులని, ఆ పేరును పరిషత్తు గుర్తిస్తోందని, ప్రతి రాష్ట్రంలో నాటడానికి ఇక్కడి కొమ్మలు తానే స్వయంగా తీసుకుపోతానని ప్రకటించారు. పోతూ పోతూ, మార్కెట్ కమిటీ అంటూ పెడితే ఇలాంటి నిస్వార్థ రైతు చేతిలోనే పెట్టండి అని ఒక మాట అన్నారు.

“పెట్టినం సార్!” అన్నారు గోపాల్ రావు గారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. “చైర్మన్ అక్బర్ భాయే!”

అక్బర్ బిత్తరపోయి కింద ఉన్న కరుణాకర్ వైపు చూశాడు. కరుణాకర్ ఒక చేయి ఎత్తి, రెండో చేయి దానికి తగిలించి, చప్పట్లు మొదలుపెట్టాడు. జనం అందుకున్నారు. మచ్చల కొమ్మల కట్టలను మిశ్రా గారి కారు డిక్కీలో పెట్టించే పని సాంకేతిక సభ్యురాలికి అప్పగించారు. కట్టలు చాలా ఉన్నాయి. డిక్కీ పట్టక వెనక సీటులో కూడా పెట్టింది.

పెద్దవాళ్ళు లోపల ఏసీ హాల్లో భోజనానికి కూర్చున్నారు. బయట షామియానా కింద చివరి బల్ల దగ్గర నలుగురు కూర్చున్నారు: చేతులకు అంజీర్ పాలు అంటుకుని దురద పెడుతున్న నిఖిత మేడం, కమిటీ మెంబర్ గనుక పిలిస్తే వచ్చిన ఖాజా, శాలువా కప్పుకున్న చైర్మన్ అక్బర్, కరుణాకర్. విస్తర్లు పరిచారు. బగారన్నం వేశారు, మటన్ కూర వేశారు, పెరుగుచట్నీ వేశారు. ఖాజా నిమ్మకాయ బద్ద ఒకటి నిఖిత వైపు జరిపాడు. ఆమె దాంతో వేళ్ళు రుద్దుకుని తినడం మొదలుపెట్టింది. శాలువా అంచు కూరలో పడబోతే కరుణాకర్ పట్టుకుని అక్బర్ భుజం మీదికి ఎగదోశాడు.

వడ్డించేవాడు తోటలో మిగిలిన అంజీర్లను పళ్ళెంలో పెట్టుకుని వచ్చాడు. స్వీటు అని చెప్పి, నలుగురి విస్తర్లలో తలా ఒకటి వేసి పోయాడు. అక్బర్ తన దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కాళ్ళ దగ్గరున్న గోనెసంచి మూతి తెరిచాడు. తర్వాత సంచి మూసి, పండు నోట్లో వేసుకున్నాడు.

మిగతా ముగ్గురూ తిన్నారు.